గట్టు మీది కందులు

వానాకాలం వచ్చిందంటే మా అత్త కొంగు ముడిలో కంది గింజలుండేవి. రుద్రూర్ దగ్గర మాకున్న ఎకరం వరి పొలం గట్ల మీద నడుస్తూనే, కాలి బొటనవేలితో గుంట చేసి, ఒక గింజ వేసి, మడమతో మట్టి నొక్కేది. చూసేవాళ్లకు ఊరికే నడుస్తున్నట్టే ఉండేది. ఆ గట్ల కందులే మా ఇంటికి ఏడాది పప్పు.

ఒక ఏడు గట్లు శుభ్రంగా ఉండాలని మా ఆయన గడ్డిమందు కొట్టాడు. మోకాలెత్తు కంది మొక్కలన్నీ మాడిపోయాయి.

"ఏమైతదే అవ్వా! దుకాణంల పప్పు దొరుకుతలేదా?" అన్నాడు తల్లితో.

"దొరుకుతది బిడ్డా. వడ్లు తడిసి అమ్ముడుపోని నాడు గా దుకాణపాయన నీకు మేనమామ అయితడా?" అంది అత్త.

ఆ కార్తీకంలో కోసిన వడ్లు కల్లంలోనే వానకు తడిసి మొలకెత్తాయి. చలికాలమంతా రేషన్ బియ్యం వండి, అందులో కారం, నూనె కలిపి పిల్లలకు పెట్టాను. ఒక రోజు చిన్నది మూతి ముడిచి, "పప్పేదే నాయినమ్మా?" అని అడిగింది.

మా ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేవబోయాడు. అత్త అతని చెయ్యి పట్టుకుంది.

"కూసో బిడ్డా, తిని లే. రేపటికి గిదన్న ఉంటదో లేదో."