పది నిమిషాలు ముందున్న వాచీ

ఆన్‌లైన్ పరీక్షలు కొత్తగా వచ్చిన రోజుల్లో, రాజాంలోని ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. శ్రీకాకుళం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. బస్సు తప్పిపోకూడదని ఇంట్లో గోడ గడియారం, నా చేతి వాచీ ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేవి.

చేరిన వారానికే పరీక్ష. ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా చూస్తే సర్వర్ టైము నా వాచీకంటే పది నిమిషాలు వెనక ఉంది. నా వాచీ సంగతే మరిచిపోయి సర్వర్ టైమును ముందుకు జరిపేశాను! క్షణంలో పిల్లలందరి స్క్రీన్ల మీద 'సమయం ముగిసింది' అని పడింది.

"మేడమ్, ఇంకా రెండు లెక్కలున్నాయండీ!" అంటూ ముందు వరసలో అమ్మాయి ఏడుపు అందుకుంది.

కంప్యూటర్లన్నీ చూసుకునే అప్పలనాయుడు గారు పరుగున వచ్చారు. జరిగింది చెప్పేశాను. ఆయన సర్వర్ గడియారాన్ని మళ్లీ నెట్‌కి కలిపి, పిల్లలు పోగొట్టుకున్న పది నిమిషాలూ తిరిగి ఇప్పించారు. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"దాన్ని మనం బలవంతంగా తిప్పకూడదమ్మా. అది నెట్‌లో నాలుగు గడియారాల్ని అడుగుతాది, ఏది తప్పు సెప్తన్నాదో పోల్చుకుంటాది. సిన్న తేడా అయితే గెంతదు, నడక కొంచెం మార్సి కలిసిపోతాది" అన్నారు. ప్రిన్సిపాల్‌తో మాత్రం, నేర్పకుండా అప్పగించిన తప్పు తనదేనని చెప్పారు.

ఆ సాయంత్రమే వాచీ సరిచేశాను. మర్నాడు బస్సు తప్పిపోయింది! గంట ఆలస్యంగా, తల వంచుకుని వెళ్లిన నన్ను చూసి ఆయన నవ్వుతూ అన్న మాటకు ఇప్పటికీ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

"పర్నేదమ్మా, నువ్వూ నెమ్మదిగా కలిసిపోతావులే."