గంజి వండే లావుపాటి ఆంజినమ్మ

"ఆంజినమ్మా, గంజి పల్చగా ఉండాది, నువ్వు మాత్రం చిక్కగా ఉండావు" అని గురప్ప తాత అందరి ముందరా అన్న రోజున ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే మాట అక్కడికక్కడే పోతుంది. నవ్వకపోయేసరికి అది బడి వరండా దిగి ఊళ్ళోకి నడిచింది.

అది రెండువేల రెండో సంవత్సరం చివర. యాడికి అనే ఊరి వైపున్న మా పల్లెలో వేరుశనగ వరసగా రెండో ఏడూ పోయింది. వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఎద్దులను సంతకు తోలేశారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు చాలామంది బెంగళూరు బస్సెక్కారు. మిగిలిన ముసలివాళ్ళ కోసం సర్కారు బడి వరండాలో గంజి కేంద్రం పెట్టింది. పదకొండు గంటలకు మనిషికో పెద్ద చెంబుడు. దాన్ని వండే పని ఆంజినమ్మది.

ఆమెకు అప్పుడు నలభై రెండేళ్ళు. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు రావడం మొదలైంది, మళ్ళీ ఆగలేదు. పక్కింటివాణ్ణి కాబట్టి చెప్పగలను, తినేది అందరికంటే తక్కువే. ఇప్పుడైతే డాక్టర్లు గొంతు దగ్గర ఏదో గ్రంథి పేరు చెప్పి, పొద్దున్నే ఒక మాత్ర మింగమంటారు. అప్పుడు మా ఊరికి తెలిసిన కారణం ఒక్కటే, తిండి. కుక్కలకు కూడా పక్కటెముకలు తేలిన ఏడాదిలో, గంజి గుండిగ పక్కన నిలబడిన లావుపాటి మనిషిని చూసి ఊరు ఏమనుకుంటుంది?

ఆ పని పోతే ఆమెకు ఇంకో దారి లేదు. మొగుడు రామప్ప బావిలో పూడిక తీస్తూ జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పట్టుకుంటే లేస్తాడు, వదిలితే కూర్చుంటాడు. ఆ మనిషిని బెంగళూరులో ఏ మేడ కట్టే చోటికి మోసుకుపోగలదు? పిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయాక, గంజి కేంద్రంలో వచ్చే కూలితోనే మొగుడూ పెళ్ళాల పొయ్యి వెలుగుతోంది.

అలాంటి ఆమె మీద, ముసలివాళ్ళ గంజి బియ్యం తనే తింటోందని మండలాఫీసుకు అర్జీ వెళ్ళింది. చెప్పింది ఎదురింటి బయమ్మ. ఆ పని తనకు రావాలని ఆమె ఆశ. ఆమెకూ ఇద్దరు పిల్లలు, ఆమె పొయ్యీ అంతంతమాత్రమే. రాసింది నేను. నా చేతిరాతకు ఊళ్ళో పేరుంది. బయమ్మ చెప్పిందంతా ఉన్నదున్నట్టు రాసి, చివర "సదరు వంటమనిషి దేహస్థితిని చూసినచో నిజము తమకే తెలియగలదు" అని ఒక వాక్యం నా సొంతంగా కలిపాను. రాసిన పూట మురిసిపోయాను కూడా. వాక్యాలు బాగా కుదిరినప్పుడు మనిషికి బుద్ధి పనిచేయదు.

వారానికి మండలాఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఆ వాక్యాన్ని ఆంజినమ్మ ఎదుటే చదివి, నెల తిరిగేలోపు పెద్దసారు స్వయంగా వచ్చి చూస్తాడని చెప్పి పోయాడు. ఆంజినమ్మ పట్టుకున్నది ఆ ముక్కనే. బియ్యం చూడ్డానికి రావడం లేదు, తనను చూడ్డానికి వస్తున్నాడు. అంటే సన్నబడడానికి ఒక నెల ఉంది.

సాయంత్రం మా ఇంటి గడప దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అన్నా, నాకు చదువు లేదు. ఆ మాట ఎవురు రాసినారో గానీ, బాగా రాసినారు. చదివిన సారు రెండుసార్లు చదివె."

నేను లోపలికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. ఆ ఏడాది మా ఊళ్ళో దాహం లేకుండా నీళ్ళు తాగిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మర్నాడు ఆమె శనక్కాయలు కొనే కొట్టుకు వెళ్ళింది. ఊళ్ళో మనిషిని తూచే యంత్రం లేదు. బస్తాలు తూచే కాటా ఉంది. దాన్ని చూసుకునే ఎర్రిస్వామి ఎనిమిది నెలలుగా ఒక్క బస్తా తూచక, కాటా పక్కనే గోనెసంచులు పరుచుకుని పడుకునేవాడు. ఆమె ఎక్కి నిలబడితే లేచి, రాళ్ళు వేసి, ముల్లు సరిచూసి, పాత అలవాటు కొద్దీ "ఎనభై తొమ్మిది, తరుగు రెండు, ఎనభై ఏడు" అన్నాడు.

"నాకేం తరుగప్పా?"

"మట్టి, తేమ" అన్నాడు ఎర్రిస్వామి. అన్న తర్వాత తనకే సిగ్గేసి, ఈ సంగతి ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు. చీకటి పడకముందే నాకు చెప్పాడు.

యాడికిలో ఆరెంపీ డాక్టరు ఆమెకు వరి మానేయమన్నాడు. కొర్రన్నం తినాలి, లేదంటే చారెడు రాగి సంగటి. ఆకుకూరలు ఎక్కువ, నూనె తక్కువ. వెన్న తీసిన మజ్జిగ తాగాలి. రోజూ పొద్దున గంటసేపు చెమట పట్టేలా నడవాలి. ఆయన తప్పేమీ చెప్పలేదు. కానీ మా ఊళ్ళో అందరూ శనక్కాయకు తిరిగి, కొర్ర వేయడం మానేసి పదిహేనేళ్ళయింది. ఊరంతటికీ పచ్చగా కనిపించేది సర్కారు తుమ్మ కంప ఒక్కటే, దాన్ని మేకలు కూడా ముట్టవు. మజ్జిగకు బర్రె ఉండాలి. ఆ చీటీలో ఉన్నవన్నీ సంపాదించగల ఇల్లు ఆ ఏడాది మా ఊళ్ళో ఒకటో రెండో ఉంటాయి, ఆ ఇళ్ళలో లావుపాటి వాళ్ళు లేరు.

ఇంట్లో ఉన్నవి ఉలవలు. ఎద్దుల కోసం దాచినవి, ఎద్దులు పోయాక మూట మిగిలింది. రోజుకు ఒక గుప్పెడు ఉడకబెట్టుకుని, మధ్యాహ్నం ఒక్కసారి తినేది. రామప్పకు అన్నం పెట్టి తను వెనక్కి తిరిగి కూర్చునేది, వాసన రాకుండా.

గంజి రుచి చూడడం కూడా మానేసింది. నోట్లో ఒక్క చుక్క పడినా, ఇదిగో తింటోందని ఎవరైనా అంటారని భయం. దాంతో ఉప్పు ఒకరోజు మరీ ఎక్కువ, ఒకరోజు అసలే లేదు. ముసలివాళ్ళు ఊరుకుంటారా? వండిన మనిషే నోట పెట్టడం లేదంటే అందులో ఏం కలిసిందోనని ఒకామె అనుమానపడింది. తింటే ఒక నేరం, తినకపోతే ఇంకో నేరం. ఆంజినమ్మ గరిటె చేత్తో పట్టుకుని ఆవిరిలో నిలబడేది. చూపు మసకబారితే ఆవిరి వల్లే అనుకునేది.

అసలు చిక్కు నడక దగ్గర వచ్చింది. మా పల్లెల్లో ఆడమనిషి ఊరికే నడవడం అనేది లేదు. కట్టెలకు పోవాలి, మేకలకు పోవాలి, లేదా ఎవరో చచ్చిపోయి ఉండాలి. పని లేకుండా పోతుంటే యాడికి పోతాండావని అడుగుతారు. సన్నబడేకి అంటే ఆ మాట సాయంత్రానికి గుత్తి దాకా పోతుంది. అందుకని ఆమె చంకన ఒక బిందె పెట్టుకుంది. బిందె ఉంటే ఎవరూ ఏమీ అడగరు. తెల్లవారకముందే లేచి, ఎండిన వంక దాటి, కొండ కింద పాడుబడిన బావి దాకా రెండు మైళ్ళు పోయి, తిరిగి వచ్చేది. ఆ బావి ఎండిపోయి ఆరేళ్ళు. వచ్చేటప్పుడు బిందె ఖాళీగా ఉందని తెలియకుండా మూతి మీద గుడ్డ కట్టేది.

ట్యాంకరు రెండు రోజులకొకసారి వస్తే రెండు రోజులూ దాని సంగతే మాట్లాడుకునే ఊరు మాది. అలాంటి ఊళ్ళో ఒక ఆడమనిషి రోజూ చీకట్లో ఒకే దిక్కుకు బిందెతో పోయి, మూతి కప్పుకుని వస్తోంది. పైగా వచ్చేసరికి ఆమె చీర నడుం దగ్గర్నుంచి మడమల దాకా తడిసి ఉంటుంది. అది చెమట అని ఎవరికి తోస్తుంది? తొణికిన నీళ్ళు అనుకున్నారు. ఆంజినమ్మకు ఊట దొరికిందంట, ఎవరికీ చెప్పకుండా మోసుకుంటోందంట అని వీధి వీధికీ పాకింది. నాకూ చెప్పారు. నేనూ నమ్మాను.

పదిహేడో రోజు ఆమె వంక దాటేసరికి వెనక గాజుల చప్పుడు, బిందెల చప్పుడు వినిపించాయి. తిరిగి చూస్తే ముప్పై మంది ఆడవాళ్ళు. ముందు బయమ్మ, రెండు చంకల్లో రెండు బిందెలతో. తనను పట్టుకుని కొట్టడానికే వస్తున్నారనుకుంది ఆంజినమ్మ, నడక పెంచింది. ఆమె పెంచేకొద్దీ వాళ్ళూ పెంచారు. డాక్టరు చెప్పిన నడక అంటే నిజంగా ఆ రోజు నడిచిందే.

బావి దగ్గర ఇక పోవడానికి చోటు లేక ఆగింది. అందరూ బావి చుట్టూ ఉన్న ఒరల మీంచి లోపలికి వంగి చూశారు. అడుగున కంప మొలిచి ఉంది.

"నీళ్ళు యాడక్కా?" అని అడిగింది బయమ్మ, మెల్లగానే.

"నీళ్ళు యాడుండాయి?"

"మల్ల ఇన్ని దినాలు ఏం మోస్తాండావు?"

ఆంజినమ్మ బిందె మూతి మీది గుడ్డ విప్పి బోర్లించి చూపించింది.

"సన్నబడల్లని నడుస్తాండా. సారు వచ్చి నన్ను చూస్తాడంట కదా."

బయమ్మ బిందెలు కింద పెట్టి, ఒరకు ఆనుకుంది. "మేమంతా నడిచే సన్నబడినామా అక్కా?" అంది. విన్నవాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా, అందులో ఎగతాళి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకముందే దూరంగా రోడ్డు మీద ఎర్రటి దుమ్ము లేచింది, హారను వినిపించింది. ఆ రోజు ట్యాంకరు పొద్దున్నే వచ్చింది.

ముప్పై మందీ రెండు మైళ్ళూ పరుగెత్తారు. వచ్చేసరికి ట్యాంకరు వెళ్ళిపోయి చక్రాల కింద తడి మిగిలింది. ఇళ్ళలో ఉన్న ముసలివాళ్ళు పట్టినన్ని పట్టారు, తక్కిన నీళ్ళు పక్క ఊరికి పోయాయి. రెండు రోజులు ఊరు గొంతు తడుపుకోలేక అల్లాడింది. ఆంజినమ్మను ఎవరూ తిట్టలేదు. ఆమె వాకిట్లోకి వస్తే పక్కకు తిరిగి పోయారు, అంతే.

ఆ సాయంత్రం గోడ అవతల రామప్ప గొంతు విన్నాను.

"ఇంగ చాలు. పని పోతే పోనీ. అన్నం తిను."

"పోతే నిన్ను యాడ పెట్టుకోని బతికేది? ఇంగ పది దినాలే."

ఆ పది రోజుల్లో ఉలవలు కూడా సగానికి తగ్గించింది. బిందె అవసరం లేకపోయింది కాబట్టి చేతులూపుకుంటూ నడిచింది. పెద్దసారు వస్తాడనగా ముందురోజు మళ్ళీ కాటా ఎక్కింది. ఎనభై ఒకటి అన్నాడు ఎర్రిస్వామి. ఈసారి తరుగు తీయలేదు. తీయమని ఆమే అడిగింది, అతను మొహం తిప్పుకుని తీశాడు.

పెద్దసారు జీపు దిగి నేరుగా వరండాకే వచ్చాడు. నెమ్మదైన మనిషి. చేతిలో అర్జీ ఉంది. నా చేతిరాత దూరం నుంచి కూడా అందంగానే కనిపిస్తోంది. ఆంజినమ్మను చూశాడు. గుంతలు పడిన కళ్ళు, ఆరిన పెదాలు, భుజాల మీంచి జారుతున్న రవిక.

"ఈమె తిని బలిసిందని రాసిన మనిషి, ఈమెను చూసే రాశాడా?" అని అందరినీ అడిగాడు. నేను బడి గోడ మీద రాసి ఉన్న ఎక్కాలు చదువుతూ నిలబడ్డాను. ఆయన అర్జీ మీద అడ్డంగా రెండు మాటలు రాసి, జేబులో పెట్టుకున్నాడు. పని చూసుకోమ్మా అన్నాడు.

ఆ నిమిషం ఆంజినమ్మ మొహం చూశాను. నెల రోజుల్లో మొదటిసారి ఆమె చీర కొంగు సరిచేసుకుంది. వంగి, గుండిగ రెండు చెవులకూ గుడ్డ పట్టి, దాన్ని పొయ్యి మీంచి ఎత్తింది. రోజూ ఎత్తే గుండిగే. నడుం ఎత్తు దాకా లేచింది, అక్కడ ఆమె మోకాళ్ళు మడతపడ్డాయి.

గంజి మెట్ల మీంచి మట్టిలోకి పోయింది. గురప్ప తాత కుడికాలు బొబ్బలెక్కింది. ఇరవై ఏడు మంది ముసలివాళ్ళు ఖాళీ చెంబులు పట్టుకుని దాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆంజినమ్మకు తెలివి వచ్చేసరికి పెద్దసారు ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆయనకు కోపం లేదు. ఒంట్లో శక్తి లేని మనిషిని మంట దగ్గర పెట్టడం తప్పని, ఇది ఆమె మంచికేనని, రేపటి నుంచి ఇంకొకరు వండాలని చెప్పాడు. ఎవరు వండుతారని అడిగాడు. బయమ్మ తల వంచుకుని నిలబడింది. ఆమె పేరు ఎవరో చెప్పారు.

ఆంజినమ్మ నాలుగు రోజులు తలుపు తీయలేదు. ఈలోపు గురప్ప తాత కాలికి గుడ్డ చుట్టుకుని, కర్ర ఊతంతో మా ఇంటికి వచ్చాడు. గంజి తాగేవాళ్ళ పట్టీలో ఆమె పేరూ రామప్ప పేరూ చేర్చమన్నాడు. "రాసేది నీకు బాగా తెలుసు కదప్పా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేను రాశాను, రెండు పేర్లు, వాక్యాలేమీ లేకుండా.

ఐదో రోజు ఆమె చెంబు, రామప్ప కోసం ఒక టిఫిను గిన్నె పట్టుకుని వచ్చి వరస చివర కూర్చుంది. బయమ్మ ఒక్కొక్కరికీ పోస్తూ ఆమె దగ్గరికి వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"సగం చాలు" అంది ఆంజినమ్మ.

బయమ్మ అంచు దాకా పోసింది. "తాగక్కా. ఇంగ నిన్ను చూసేకి ఎవురూ రారు" అంది.

ఆంజినమ్మ రెండు చేతులతో చెంబెత్తి, మధ్యలో దించకుండా తాగింది. అది ఖాళీ అయ్యాక కూడా కింద పెట్టలేదు. తల వంచుకునే మళ్ళీ ముందుకు చాపింది.