బాబాయి పరిగెత్తించిన ఇంజను

మార్చి పన్నెండు. ఉక్కపోత. పొద్దున్నే బండికి ఆయిలు మార్చాను. పాత ఆయిలు మాడు వాసనకు బాబాయి మీద కోపం మళ్లీ లేచింది.

రెండో పంట దాళ్వా చేలకు మురుగు కాలువ నీళ్లు తోడిన డీజిల్ ఇంజన్లు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో ఓ ఏడాది నాన్న, బాబాయి కలిసి వాడుకునే ఇంజనుకు మెకానిక్ కొత్త పిస్టన్ వేశాడు.

"రెండ్రోజులు నెమ్మదిగా తిప్పాలండి. తొందరపడితే పట్టేస్తుందండి" అన్నాడు.

మొదటి వంతు బాబాయిది.

"అన్నయ్యా, ఇది ఇంజనా, బాలింతా? ఇలా సాకితే చేను తడిసినట్టే!" అని నవ్వి వేగం పూర్తిగా పెంచేశాడు.

సాయంత్రానికి తన చేను తడిసింది, మాడు వాసనతో పిస్టన్ పట్టేసి ఇంజను ఆగిపోయింది. మళ్లీ బాగుచేయించేలోగా పొట్టకొచ్చిన మా వరి ఎండిపోయింది.

కోతలయ్యాక బాబాయే బియ్యం బస్తా తెచ్చి, "తినరా, మన చేలోవే" అన్నాడు.

ఇప్పటికీ ఆయనింట్లో నేను మెతుకు ముట్టను.