మూడు పూటల ప్రశ్న

2002లో ఒడిశాలోని రామనగుడ వైపు బీపీఎల్ సర్వే జరిగింది. బీపీఎల్ అంటే దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళు. ఆ కార్డు ఉంటేనే చిన్న రైతుకు చవక బియ్యం. నన్ను ఎన్యూమరేటర్‌గా, అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసే మనిషిగా, తెలుగు రైతులున్న ఒక ఊరికి వేశారు. నాకు తెలుగు వచ్చునని చూశారు గానీ, కొత్తవాళ్ళ ముందు గొంతు పెగలదని ఎవరూ చూడలేదు.

ప్రతి జవాబుకూ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. మొత్తం తక్కువొస్తే పేద. అందులో ఒక ప్రశ్న తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది: మీ ఇంట్లో రోజుకు ఎన్ని పూటలు కడుపునిండా తింటారు? ఆ ప్రశ్న రాసినవాళ్ళు ఏనాడూ ఒక రైతు అరుగు మీద కూర్చుని ఉండరు.

రామ్మూర్తి గారిది వానను నమ్ముకున్న రెండెకరాల మెట్ట. నేను వెళ్ళేసరికి అరుగు మీద ఆయన వియ్యంకుడు ఉన్నాడు.

"ఏటమ్మీ, అలాగడుగుతావు? మా ఇంట తిండికి లోటేటి? మూడు పూటలూ తింతాం, రాసుకో. నువ్వూ తినెల్లు" అన్నారు రామ్మూర్తి గారు.

వియ్యంకుడి ముందు ఇంకేం చెప్తారు! మరోసారి విడిగా అడుగుతానని సూపర్‌వైజర్‌ను బతిమాలాను. ఇంటి యజమాని చెప్పిందే రాయమన్నాడు. నాలుగు మార్కులూ పడ్డాయి. వాటితో ఆయన గీత దాటి, పేద కాకుండా పోయారు.

జాబితాను గ్రామసభలో చదివి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. కార్డు లేకపోతే పాత గింజలు అయిపోయే శ్రావణం గడవదని తెలిసీ రామ్మూర్తి గారు కదలలేదు. లేచింది పక్కింటి పైడమ్మ. పొలం గట్టు తగువుతో ఆ రెండిళ్ళకూ ఏళ్ళుగా మాటల్లేవు.

"ఆషాఢమొస్తే ఆళ్ళ పొయ్యి ఒక్కపూటే రాజుతాది. పొగ నాకు కనపడదా?"

"నిన్నెవులడిగేరే? నీ గట్టు నువ్వు సూసుకో!" అని రామ్మూర్తి గారు మండిపడ్డారు.

"గట్టు కాడ నిన్ను తిట్టేను, మళ్ళీ తిడతాను. కూటి కాడ అబద్ధమాడను."

పక్కవాళ్ళ మాట చెల్లదు, ఆయనే ఒప్పుకోవాలి అన్నాడు సూపర్‌వైజర్ ఒడియాలో. అది అందరి ముందూ తెలుగులో చెప్పాల్సింది నేను. ఎలాగో చెప్పాను.

"పైడమ్మ గయ్యాళే గానీ, అబద్ధాలాడే మనిషి కాదు" అన్నారు రామ్మూర్తి గారు తలవంచుకుని.

"ఒప్పుకున్నట్టేనా?" సూపర్‌వైజర్ నన్ను అడిగాడు.

"ఒప్పుకున్నట్టే సార్. మావాళ్ళు ఇంతకన్నా చెప్పరు."

మార్కులు దిద్దారు. కార్డు వచ్చింది. ప్రశ్న మాత్రం మారలేదు. ఆ తర్వాతి ఊళ్ళోనూ అదే అడగమన్నారు. అడిగాను. కానీ అప్పటినుంచి ఏ ఇంటి ఆకలి సంగతైనా ముందుగా పక్కింట్లో కనుక్కునేదాన్ని, వీలైతే ఆ ఇంటితో మాటల్లేని పక్కింట్లో.