ఆరువందల నలభై పిడికిళ్లు

సూర్యాపేటలో సాయంత్రం ఆరు దాటాక మా వీధి మలుపులో ఇద్దరు ఆడవాళ్లు కట్టెల పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతారు. పెనం మీద రొట్టె అంచు మాడే వాసన, తడిపిన పిండి వేడికి ఆరేటప్పటి తియ్యటి వాసన, కట్టెల పొగ కలిసి, కిటికీ మూసినా మా ఇంట్లోకి వస్తాయి. రొట్టె ఒక్కటి ఇరవై రూపాయలు. చక్కెర జబ్బున్నవాళ్లు కార్లు ఆపి నాలుగేసి కట్టించుకుపోతారు. ముప్పైనాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని కనుక, ఇప్పుడు డెబ్బైమూడో ఏట కూడా ఆ వాసన తగలగానే నాకు ముందు అంకెలే గుర్తుకొస్తాయి: శేరు జొన్నలకు పన్నెండు రొట్టెలు, పది శేర్లకు నూట ఇరవై. అది మా అమ్మ మరియమ్మ లెక్క. తప్పింది నా లెక్క.

మాది మునగాల దగ్గర చిన్న ఊరు. సాగరు కాలువ నీళ్లు అప్పటికింకా మా వైపు రాలేదు. చెరువు కింద కొంచెం వరి, మిగతాదంతా జొన్న, కంది, ఆముదం. ఊరి అంచున మా వాడ. ఇరవై రెండు ఇళ్లు, నూట పదహారు మంది, చివర పెంకులు కప్పిన ప్రార్థన మందిరం. కూలి చాలాసార్లు గింజలుగానే వచ్చేది. వరి అన్నం పండగలకూ, జ్వరం తగ్గి లేచినవాళ్లకూ; తక్కిన రోజుల్లో జొన్నరవ్వ ఉడికించిన గటుక, అందులోకి పచ్చిపులుసో ఉల్లిగడ్డో. డిసెంబరు వస్తే తెల్లవారుజామున చలి గొంగడిలోంచి కూడా దిగేది. చేలల్లో కందికాయ ముదిరేది, కంచెల మీద చిక్కుడు పూసేది, గచ్చకాయలు ఆడే మా వేళ్లు మొద్దుబారి కాయలు జారిపోయేవి. ఆడవాళ్లు ఇళ్లను ఎర్రమన్నుతో అలికి మందిరానికి సున్నం వేసేవాళ్లు. మగవాళ్లు వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టి, పతంగుల కాగితం అంటించి, లోపల లాంతరు వేలాడదీసేవాళ్లు. మేము రంగుకాగితాలు త్రికోణాలుగా కత్తిరించి గంజితో దారానికి అతికిస్తే, గంజి రుచి తెలిసిన మేకలు రాత్రికి రాత్రి సగం తోరణాలు తినేసేవి. కొత్త బట్టలంటే కోదాడ అంగడిలో ఒకే తానులోంచి కోయించిన గుడ్డ. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు, ఒక్కోసారి పక్కింటివాళ్లు కూడా అదే పువ్వుల్లో తిరిగేవాళ్లం.

అన్నిటికంటే పెద్దది ప్రేమ విందు. పండగనాడు ఆరాధన అయ్యాక మందిరం ముందర వాడంతా వరసగా కూర్చుని, ఆకు పక్కన ఆకు వేసుకుని, కలిసి తినడం. అందుకు ఇంటికి రెండు రూపాయల చందా. విందుకు ముందు సంఘపెద్ద ఇస్సాకు తాత, దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని, వేలు నాలుకకు తడుపుకుంటూ, ఎవరు ఎంత ఇచ్చారో పేరుపేరునా చదివేవాడు. నాకు పదేళ్లప్పుడు, మా నాయన దేవదానం బావి తవ్వుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అమ్మ ఒక్కదాని కూలి. రెండు రూపాయలంటే మూడు రోజుల పని. ఆ క్రిస్మసుకు తాత చదివిన కాగితంలో మా పేరు లేదు. ఎవరూ మమ్మల్ని లేచి పొమ్మనలేదు. అమ్మే నా చెయ్యి, చెల్లె రూతు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. ఐదేళ్ల రూతు విందు కోసం మోదుగాకులతో తానే కుట్టుకున్న విస్తరిని చంకలో పెట్టుకునే వచ్చింది. ఇంట్లో గటుక ఆ ఆకులోనే పెట్టమంది. బయటినుంచి కూర వాసన వస్తోంది. అమ్మ పెట్టింది. ఏమీ అనలేదు.

మాటలు పదకొండు నెలల తర్వాత వచ్చాయి. మరుసటి ఏడు నవంబరులో, ఆరాధన అయ్యాక ఇస్సాకు తాత చందా మాట ఎత్తగానే అమ్మ లేచి నిలబడింది. ఆ ఏడు వానలు సరిగా లేవు. చందా ఇవ్వలేని ఇళ్లు మాదొక్కటే కాదని ఆమెకు తెలుసు.

“తాతా, ఈ యేడు చందా వొద్దు. దినాం ఎసట్ల పోసే ముందు ఇంటికో పిడికెడు తీసి కుండల ఏస్తే ఎవ్వలకూ బరువుగాదు. పండుగకు అన్నీ ఒక్కకాడ పోస్కుందాం.”

“పిడికెళ్లతోటి నూటపదార్మందికి పెడ్తవా మరియా? లెక్క దెలుసా నీకు?”

“నాకు తెల్వదు. నా బిడ్డకు తెలుసు. లే సుగుణా, చెప్పు.”

మా ఇంట్లో ముందే చేసిన లెక్క అది. నేను లేచి ఒక్క ఊపిరిలో చెప్పాను: “ఇరవై రెండు ఇండ్లు, ముప్పై దినాలు, ఆరువందల అరవై పిడికిళ్లు. ఇరవై రెండు పిడికిళ్లకు శేరు. ముప్పై శేర్లు. మనిషికి పావుశేరు బియ్యమైతే మనకు కావల్సింది ఇరవై తొమ్మిదే, తాతా.”

“తక్కువ పడితే?” అన్నాడు తాత, నన్ను కాదు, అమ్మను.

“తక్కువైతే మా నలుగురం ఆకు ముందట కూసోం. అందరికీ నేనే వడ్డిస్త.”

కూర్చున్నాక ఆ లెక్క వేళ్ల మీద మళ్లీ చేశాను. అమ్మ పందెం కాసింది నా గుణకారం మీద.

నవంబరు ఇరవై మూడు నుంచి ముప్పై రోజులు. ప్రతి ఇంట్లో మూతపెట్టిన ఒక కుండ. ప్రతి ఆదివారం నేను ఇంటింటికీ పోయి “ఎన్ని పిడికిళ్లు?” అని అడిగి, వచ్చి మా గోడ మీద బొగ్గుతో గీతలు గీసేదాన్ని, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. పొయ్యి వెలగని రోజులు కొన్ని ఇళ్లలో ఉండేవి, వాటికి గీత లేదు. చివరి గీతకు మొత్తం ఆరువందల నలభై. ఇరవై రెండుతో భాగిస్తే ఇరవై తొమ్మిది, పైన రెండు పిడికిళ్లు. రెండు పిడికిళ్ల తేడాతో గట్టెక్కామని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను కొరుకుతూనే ఉండేది. మా కుండలో ఉన్నవి జొన్నలు. ఎసట్లో పోసేదే పిడికెడు తియ్యాలి కదా, మేము రోజూ పోసేది జొన్నరవ్వే. ఆ జొన్నల్లోంచే అమ్మ పిడికెడు తీసి వేసేది. అందరి బియ్యంలో మా జొన్నలు కలిస్తే ఏమంటారో అని నాకు సిగ్గు. ఒక్క కుండే కదా, కిందమీద కలిసిపోతుందిలే అని ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరు ఇరవై మూడు మధ్యాహ్నం మందిరంలో గోనెపట్టాలు పరిచారు. మొదటి కుండ మా పక్కింటి ఏలియా మామది. మూత తీసి వంచాడు. జొన్నలు. రెండోది నూకలు. మూడోది జొన్నలు. నాలుగోది పైన రెండు దోసిళ్లు బియ్యం, కింద అంతా జొన్నలు. కుండ వంచినవాళ్లు వంచినట్టే తల దించుకుని పక్కకు జరిగిపోతున్నారు. ప్రతి ఇంట్లోనూ తమ ఒక్క కుండలోనే జొన్నలున్నాయని, తక్కినవాళ్లవన్నీ బియ్యమేనని అనుకున్నారు. నాలాగే ప్రతివాళ్లూ నెల రోజులు సిగ్గుపడుతూ మూత పెట్టుకున్నారు.

ఇస్సాకు తాత కర్ర పట్టా మీద ఆనించి, “ఏందిది మరియా? ప్రేమ విందా, కోళ్ల మేతా?” అన్నాడు.

నేను అమ్మ వెనక్కి పోయి కొంగులో ముఖం పెట్టుకున్నాను. అమ్మ కదలలేదు. “మీ కుండ ఏది తాతా?” అంది. తాత కుండ తాత పక్కనే ఉంది. ఆయన చెయ్యి దాని మూత మీదనే ఉంది. వాడలో రెండంకణాల పెంకుటిల్లు ఆయనదొక్కటే. ఆ చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది. అమ్మ వంచింది. నిండా పచ్చజొన్నలు.

“ఇగ మేతకొచ్చిన పెద్ద కోడి మీదేనా తాతా?” అన్నాడు ఏలియా మామ. ముందు ఎవరో ఆడమనిషి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, తర్వాత మందిరమంతా నవ్వింది, చివరికి తాత కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఒక నెల సిగ్గు అంతా ఆ నవ్వులో పోయింది.

కొలిచాం. బియ్యం పదకొండు శేర్లు, నూకలు ఐదు, జొన్నలు ఇరవై నాలుగు. మొత్తం నలభై. నేను చెప్పింది ఇరవై తొమ్మిది కదా అని రెండుసార్లు కొలిపించాను. అప్పుడు అమ్మ నా చెయ్యి తెరిచి చూసి నవ్వింది. నేను ఇరవై రెండు పిడికిళ్లకు శేరు అని లెక్కకట్టింది నా పదకొండేళ్ల పిడికిలితో. నాట్లేసి, కోతలు కోసి, రాళ్లు మోసిన ఆడవాళ్ల పిడికిలి పదహారుకే శేరు నింపుతుంది. బియ్యం పద్ధెనిమిది శేర్లు తక్కువ, గింజలు పదకొండు శేర్లు ఎక్కువ.

అమ్మ ఆ ఎక్కువ దగ్గర ఆగింది. అప్పటికప్పుడే పద్నాలుగు శేర్ల జొన్నలు మూట కట్టించి, నన్ను వెంటేసుకుని, చెరువు వెనక మంద మేపుతున్న మల్లయ్య దగ్గరికి పోయింది. మల్లయ్యది ఊళ్లో గొర్రెలు పెంచే ఇల్లు. మందకు మేత ఉందికానీ ఇంటికి గింజల్లేవు ఆ ఏడు.

“గిన్ని జొన్నలకు గొర్రెనా? తోక గూడ రాదు మరియమ్మా.”

“నేను పొట్టేలును అడిగిన్నా? ఆ గొడ్డు గొర్రెనియ్యి. మూడేండ్ల సంది ఈనకపాయె, ఉత్తగ మేస్తున్నది.”

“అది నా పెండ్లాం ముద్దుగ సాదుకున్నదే.”

“అయితే నీ పెండ్లానికి గటుక గూడ అదే వండిపెడ్తదా?”

మల్లయ్య మూటలో చెయ్యి పెట్టి జొన్నలు దోసిట్లోకి తీసుకుని చూశాడు. కొత్తవి, పురుగు లేనివి. తర్వాత గొర్రె మెడలో తాడు వేసి, తాడు కొస నా చేతికిచ్చాడు.

ఇరవై నాలుగోనాడు పొద్దుటినుంచి వాడలో ఏ ఇంట చూసినా విసుర్రాళ్ల చప్పుడు. మిగిలిన పది శేర్లు పిండి అయ్యాయి. పండగనాడు తెల్లవారకముందే మందిరం వెనక ఐదు పొయ్యిలు; ఐదుగురు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని, అరచేతులతో రొట్టెలు కొడుతుంటే చప్పట్లు కొట్టినట్టే ఉంది. నేను లెక్కపెట్టి గంపలో పేర్చాను: నూట ఇరవై. ఇస్సాకు తాత కోడలు ఎవరూ చూడకుండా రెండు బెల్లం ముద్దలు తెచ్చి అమ్మ దగ్గర పెట్టి పోయింది. ఐదు శేర్ల నూకలు పాయసమయ్యాయి. మనిషికి ఒక రొట్టె, ఒక గరిటె వరి అన్నం, గొర్రెకూర, పులుసు ఎంత కావాలంటే అంత, చివర పాయసం. అంతకుముందు ఏ ప్రేమ విందులోనూ మేము మాంసం చూడలేదు. రెండు రూపాయల చందాకు అన్నం, పప్పు, వంకాయకూర వచ్చేవి.

విందుకు ముందు ఇస్సాకు తాత అలవాటు ప్రకారం కాగితం తీశాడు. వేలు తడుపుకున్నాడు. “ఏలియా, పిడికెడు. సమూయేలు, పిడికెడు. దేవదానం, పిడికెడు.” మా నాయన పేరు రాగానే, కుంటుకాలు చాపుకుని గోడకు ఆనుకున్న ఆయన మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. ఇరవై రెండు పేర్లు. ఎవరిదీ ఎక్కువ కాదు, ఎవరిదీ తక్కువ కాదు. ఇరవై రెండోది తాత పేరే. అమ్మ వడ్డన మధ్యలో మమ్మల్ని చూసి, చూపుతోనే ఆకు ముందర కూర్చోమంది. రూతు కుట్టుకున్న కొత్త విస్తరి ఈసారి మందిరం ముందరే నిండింది. పాయసం రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఇస్సాకు తాతే వేశాడు.

నూటపదహారు మందికి పెట్టాక నాలుగు రొట్టెలు మిగిలాయి. అమ్మ వాటిని కూరతో ఆకులో చుట్టి నాతో మల్లయ్యకు పంపింది. ఊళ్లోవాళ్లు మా వాడ ఇళ్లలో నీళ్లు కూడా తాగని రోజులవి. అతను చెరువుకట్ట మీద అటూ ఇటూ చూసుకున్నాడు, ఎవరూ లేరు. “గొర్రె నాదేనాయె, తింటే ఏమైతది?” అని నాలుగూ తిన్నాడు.

ఇప్పుడు ఆ ఊళ్లో మందిరం స్లాబుది. ఇస్సాకు తాత కాగితం లేదు. చందాలు ఫోన్లలో పోతాయి, ఇచ్చినవాళ్ల పేర్లు ఫొటోలతో ఫ్లెక్సీ మీద వస్తాయి. విందుకు కోదాడనుంచి బిర్యానీ దేగిసలు దిగుతాయి. బొగ్గుగీతల గోడ హైవే వెడల్పులో పోయింది. విసుర్రాళ్లు పోయాయి, గచ్చకాయలు పోయాయి, అక్కడ జొన్న వేసినవాళ్లే లేరు. ఏ ఇంట్లో చూసినా మిర్యాలగూడ మిల్లుల సన్నబియ్యమే. మేము మూత పెట్టి దాచుకున్న జొన్న ఇవాళ మా వీధి మలుపులో ఇరవై రూపాయలకు అమ్ముడుపోతోంది. మొన్న నాలుగు కొన్నాను. ఆ ఆడమనిషి పిండి కొట్టే చెయ్యి చూస్తూ నిలబడ్డాను. పదహారు పిడికిళ్లకు శేరు నింపే చెయ్యి.

బియ్యం కడిగే ముందు పిడికెడు తీసి డబ్బాలో వెయ్యడం మాత్రం నేను మానలేదు. డిసెంబరు ఇరవై మూడున ఆ డబ్బా ఊరికి, పాస్టరమ్మకు పంపుతాను. ఈ ఏడు పంపేముందు అమ్మ శేరుడబ్బాతో కొలిచి చూశాను. నా పిడికిళ్లు మళ్లీ ఇరవై రెండుకు గానీ శేరు నిండడం లేదు. అందుకని ఇప్పుడు ఒక పిడికెడు వేసి, చెయ్యి ఇంకోసారి బియ్యంలో పెట్టి, అమ్మ పిడికిలికి తగ్గినంత మళ్లీ వేస్తున్నాను.