పొద్దు తోలే మాటలు

మొన్న నిఘంటువులో వినోదం అనే మాట చూస్తే, సంస్కృతంలో దానికి మొదటి అర్థం తరిమివేయడమట. ఆ సంగతి నాకు ఆరేళ్లప్పుడే తెలుసనిపించింది.

పంతొమ్మిది వందల యాభైలలో, ఆత్మకూరు వైపు వానలు లేని ఏడాది. ఎద్దుల్ని అమ్ముకున్నాక అమ్మ సర్కారు పెట్టిన కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేది. నన్నూ వెంట తీసుకుపోయేది. ఎద్దులు పోయిననాటి నుంచి అమ్మ నవ్వలేదు. పక్కన ఓబులవ్వ రాళ్లు కొడుతూనే ఊళ్లో వాళ్లందరి గొంతులూ అనుకరించేది. మిగిలిన ఆడవాళ్లు పడీపడీ నవ్వి, "నువ్వుంటే పొద్దు పోతాది అవ్వా" అనేవాళ్లు. సూర్యుణ్ణి కొండల అవతలికి తోలేది అవ్వ మాటలేనని నేను గట్టిగా నమ్మాను.

ఒకనాడు అవ్వ జ్వరంతో రాలేదు. ఎవరూ మాట్లాడలేదు. ఎంతసేపు చూసినా సూర్యుడు నడినెత్తినే ఉన్నాడు. అమ్మ అరచేతిలో బొబ్బ చిట్లింది. ఇక తప్పదని నేను కంకర గుట్టెక్కి, మాతో పని చేయించే మేస్త్రీలా నడుం మీద చెయ్యి పెట్టి అరిచాను.

"ఏమప్పా పొద్దూ, ఆడనే నిలబడుకున్యావు? మాయమ్మకు చేతులు శానా నొస్తాండాయి. దిగు, దిగు!"

సుత్తెలు ఆగాయి. అమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమోనని పరుగెత్తి కొంగు లాగాను. నవ్వుతోంది. ఎంతకీ ఆపుకోలేకపోతోంది.

"పొద్దుకు చెవులుండాయా, పిచ్చిదానా?" అంటూ నన్ను ఒడిలోకి లాక్కుంది.

ఆ రోజు కూడా పొద్దు తన వేళకే దిగి ఉంటుంది. మా ఇద్దరికీ మాత్రం తొందరగానే దిగినట్టనిపించింది. ఇంటికి నడుస్తూ అమ్మ అడిగింది, "ఇంగొకసారి చెప్పు పాపా."