నా బేసూ, బావ ఎడమ చెయ్యీ

యుద్ధం, నెత్తురు, వెన్నుపోటు, మూడూ ఉన్న మహాగాథ చెబుతాను, సర్దుకుని కూర్చోండి. సరే, యుద్ధం లేదు. నెత్తురూ రాలేదు, సోల్డరింగ్ చేస్తూ వేలు కాల్చుకుంటే బొబ్బ లేచిందంతే. వెన్నుపోటు మాత్రం ఉంది.

చీపురుపల్లి దగ్గర మా బాప్టిస్టు చర్చిలో నేను బేస్ గిటార్ వాయిస్తాను. మేనత్త కొడుకు, మా బావ, కీబోర్డు. అందరి సౌండూ పెంచే, తగ్గించే మిక్సరూ ఆయన పక్కనే. కాలేజీలోనూ ఇంట్లోనూ నా మాట ఎవరికీ వినపడదు. ఆదివారం పూట మాత్రం హాలు స్పీకర్ బాక్సులు ధమ్‌ధమ్‌మంటుంటే, అది నేనే అనుకునేవాణ్ణి.

కోతపండగ ముందు బావ అన్నాడు: "ఒరే, నీ నాబులు గరగరమంతన్నాయి. మార్సీ. పండక్కి హాలంతా నీ బేసే ఇనబడాల."

ఎంత ప్రేమ! పాత వాల్యూమ్, టోన్ నాబులు పీకేసి, బ్యాటరీతో నడిచే కొత్త సర్క్యూట్ తెప్పించాను. ఒక తీగ తప్పు చోట అతికించి, ఊడదీసి, మళ్ళీ అతికించాను. లోపల బ్యాటరీ గలగలలాడకుండా మా నాన్న చిరిగిన పొందూరు ఖద్దరు రుమాలు కుక్కాను. ముందురోజు చర్చిలో ప్రాక్టీసు చేస్తే, నా పక్కనుండే చిన్న ఆంప్ పెట్టెలో గరగర మాయం. ఆ మురిపెంలో గిటార్‌ని వైరుతో ఉన్నదున్నట్టే స్టాండుకి ఆనించి ఇంటికెళ్ళాను.

పండగనాడు అందరూ గుమ్మడికాయలూ, ధాన్యం బస్తాలూ, కాళ్ళు కట్టిన కోళ్ళూ తెచ్చి కానుకగా ముందు పెట్టారు. పాట మొదలైంది. నా ఆంప్‌లో చప్పుడు లేదు. నాబు తిప్పాను, ఆంప్ పెంచాను. బ్యాటరీ చచ్చింది. పరువు పోయిందనుకుని వేళ్ళు ఆపేశాను.

బేస్ ఆగలేదు.

హాలు బాక్సుల్లో ధమ్‌ధమ్‌మని, ఎప్పటిలాగే. బావ వైపు చూశాను. కుడిచెయ్యి పాట వాయిస్తోంది. ఎడమచెయ్యి నన్ను వాయిస్తోంది.

ప్రార్థన అయ్యి, కోళ్ళ వేలం మొదలయ్యాక అత్త వచ్చింది. "అల్లుడూ, ఈయేళ నీ గిటారు గుండెల్లో దూకినాది!"

మిక్సర్ దగ్గరికెళ్ళాను. నా గిటార్ లైను మీట అడుగున, సున్నా దగ్గర ఉంది. పైకి జరక్కుండా టేపు అంటించి ఉంది. టేపు పసుపెక్కి, దుమ్ము పట్టింది.

"ఏటి బావా ఇది?"

"దుమ్ము పడకుండారా."

"దుమ్ము టేపు మీదే ఉన్నాది."

బావ తల గోక్కున్నాడు. "నువ్వు తాళం తప్పుతావురా. సెప్తే మానేస్తావు."

"మరి నాబులెందుకు మార్పించినావు?"

"నీ ఆంప్ గరగర నా సెవిలో పడతన్నాది."

"మానేస్తే ఏటయ్యేది?"

"మానేస్తే బాక్సులెవుడు మోస్తాడు?"

జవాబు సిద్ధంగానే ఉంది ఆయన దగ్గర. గిటార్ ఒక్కటే భుజాన వేసుకుని బయటికి నడిచాను. వెనక కోడి అరుపుల మధ్య నుంచి బావ కేక: "ఒరే, బాక్సులురా!"

వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చి మూత విప్పి, రుమాలు తీసి, బ్యాటరీ మార్చాను. ఈ రకం సర్క్యూట్‌లో గిటార్‌కి వైరు గుచ్చి వదిలేస్తే, వాయించకపోయినా బ్యాటరీ అయిపోతుంది. వాయించాక వైరు పీకెయ్యాలి.